అయస్కాంతం లాక్కున్న కిరీటం

సన్మానం కోసం తల మీద పెట్టిన కిరీటం ఆ తలనే పగలగొట్టబోవడం మీలో ఎవరైనా చూశారా? నేను చూశాను. ఇన్నాళ్ళయినా, ఎక్కడైనా ఎవరికైనా శాలువా కప్పి కిరీటం పెడుతున్నారంటే ఆ చుట్టుపక్కల నిలబడలేను. ముందు ఆ మనిషి వెనక్కి వెళ్ళి, దారం ఎలా ముడేశారో చూడాలనిపిస్తుంది.

నాకు చదువు లేదు. సంతకం మటుకు వచ్చు, అదీ మేడమ్ గారు నేర్పించిందే. నేను చెబుతుంటే మా ల్యాబులో పరిశోధన చేసిన అమ్మాయి రాస్తోంది. "పిన్నీ, ఎవరి పేర్లూ చెప్పకు" అంది. చెప్పను. కొత్తగా ల్యాబుల్లో చేరే పిల్లలు ఇది చదువుతారట. చదవండి నాయనా. ఇందులో రసాయన శాస్త్రం ఎక్కువేమీ ఉండదు. ఒక్కరోజు జరిగిన సంగతి ఉంటుంది, అంతే.

మాది దివిసీమలో సముద్రం ఒడ్డు ఊరు. వేట మీద బతికేవాళ్ళం. మా మడ అడవిలో తిల్ల చెట్టని ఒకటుంటుంది. కొమ్మ విరిస్తే పాలు కారతాయి, ఆ పాలు కంట్లో పడితే చూపు పోతుంది. మా ఆయన కట్టెలు కొడుతుంటే ఒకసారి చిమ్మాయి. కళ్ళు బూరెల్లా వాచిపోయి, గోడ పట్టుకుని నడిచాడు పాపం. మా అదృష్టం, మెల్లగా చూపొచ్చింది. చెట్టు తీసుకున్న కళ్ళు చెట్టే తిరిగిచ్చింది. తరవాత సముద్రం తీసుకున్న మనిషిని మటుకు సముద్రం తిరిగివ్వలేదు.

మా ఆయన బతికున్న రోజుల్లోనే, ఆ చెట్టు పాల కోసం మేడమ్ గారు మా ఊరొచ్చారు. బందరులో కెమిస్ట్రీ పరిశోధన చేస్తారని చెప్పారు. పడవ కట్టించుకుని, కళ్ళకి అద్దాలు పెట్టుకుని, చేతులకి తొడుగులేసుకుని సీసాల్లోకి పాలు పట్టించుకున్నారు.

"ఏంటండీ ఇందులో? విషం ఉంటది, ఇంకేముంటది" అన్నాడు మా మరిది.

"విషమని నాకూ తెలుసు బాబూ. దాని ఆకారం ఏంటో తెలియాలి" అన్నారావిడ.

విషానికి ఆకారమేంటని మా వాళ్ళు వారం రోజులు నవ్వుకున్నారు. నాకు మటుకు ఆ మాట ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. నా మొగుడి కళ్ళు కాల్చినదానికి ఒక ఆకారముందా? ఉంటే ఎలా ఉంటుంది?

మా ఆయన పోయాక ఆవిడే కబురు పెట్టారు, ల్యాబులో పనికి మనిషి కావాలని. నాతోపాటు ఇంకా కొందరు ఆడవాళ్ళొచ్చారు. అందరి తాళి గొలుసులకీ పిన్నీసుల గుత్తులు. చేతి గాజులకి కూడా పిన్నీసులే. మేడమ్ గారు అందర్నీ ఎగాదిగా చూసి, బోసి మెడతో, బోసి చేతులతో ఉన్న నన్ను చూపించి "నువ్వు రామ్మా" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మొగుడు పోయినందుకు ఉద్యోగమా! ఆ రోజే వెళ్ళిపోదామనుకున్నాను. ఆ గదిలోకి ఇనుము రాకూడదు, అదొక్కటే కారణమని తరవాత తెలిసింది.

ఆ గదిలో ఏముందో చెప్పాలి. మనిషికన్నా ఎత్తుగా, పాలక్యాను ఆకారంలో, కాళ్ళ మీద నిలబడిన ఒక పెద్ద స్టీలు డబ్బా. దాని కడుపులో అయస్కాంతం. అది మామూలు అయస్కాంతం కాదు. దానికి స్విచ్చు లేదు. కరెంటున్నా పోయినా, మనుషులున్నా లేకపోయినా లాగుతూనే ఉంటుంది. చల్లగా ఉన్నంతకాలం దానికి ప్రాణం. ఆ చల్లదనం కోసం దాని పొట్టలోకి హీలియమనీ నత్రజని అనీ పొగలు కక్కే ద్రవాలు పోస్తుండేవాళ్ళు. పరీక్ష చేయాల్సిన మందుని పైనుంచి చీపురుపుల్లంత సన్నటి గాజు గొట్టంలో దించేవాళ్ళు. ఆ మందులో ఏ పరమాణువు పక్కన ఏ పరమాణువుందో మిషన్ చెప్పేది.

ఆ గొట్టాలు కడగడం, నేల తుడవడం, తలుపు దగ్గర కాపలా, ఇవీ నా పనులు. నేల మీద పసుపు గీత గీశారు. గీత దాటాలంటే గడియారం, ఫోను, తాళాలు, పిన్నీసులు తీసి చెక్క పళ్ళెంలో పెట్టాలి. అనుమానమొస్తే తాకించి చూడ్డానికి ఒక దారానికి చిన్న అయస్కాంతం బిళ్ళ కట్టి నా చేతికిచ్చారు. వచ్చిన ప్రతి ఆడపిల్లనీ "అమ్మా, పిన్నీసులు" అనేదాన్ని. "పిన్నీసు పిన్ని" అని నాకు పేరు పెట్టారు సన్నాసులు. మిషన్ ఆపరేటరు మరీను. "పిన్నీ, నిన్న కలలో కూడా నన్ను సోదా చేశావే" అనేవాడు.

మేడమ్ గారు వయసులో ఉండగానే తిల్ల పాలల్లోని ఒక పదార్థానికి బొమ్మ గీశారు. ఆ బొమ్మతోనే ఆవిడకి పేరొచ్చింది. ల్యాబొచ్చింది, మిషనొచ్చింది. గుడివాడ నుంచి రోజూ రైల్లో వచ్చే పరిశోధన అమ్మాయి, ఇప్పుడిది రాస్తున్న పిల్లే, తన థీసిస్ మొత్తం ఆ బొమ్మ మీదే కట్టుకుంది. ఇక కొద్ది నెలల్లో మేడమ్ రిటైరవుతారనగా, ఎక్కడో పైదేశం వాళ్ళు ఆ బొమ్మలో ఒకచోట తిరగేసి ఉందని రాశారు. మేడమ్ గారికి మొదట కోపమొచ్చింది. తరవాత అన్నం సయించలేదు.

నాకు ఆవిడే చెప్పారు, రెండు చేతులూ గాల్లో పెట్టి.

"ఇదిగో, ఈ అణువుకి రెండు కొసలు. ఒకటి పైకి, ఇంకోటి కిందికి ఉన్నాయని నేను గీశాను. రెండూ పైకే ఉన్నాయని వాళ్ళంటున్నారు. రెండూ ఒకే వైపున ఉంటే దగ్గరవుతాయి. దగ్గరైతే మన తెర మీద ఒక చుక్క పడుతుంది. ఎడంగా ఉంటే పడదు."

"చుక్క పడితే?"

"నేను తప్పు."

"పడకపోతే?"

"వాళ్ళు తప్పు."

"పడదులెండమ్మా" అన్నాను. ఏం తెలిసి అన్నానో!

మా మరిది పడవ మీద మళ్ళీ పాలు పట్టించాం. వాటిని వడగట్టి, విడగొట్టి, చివరికి మిగిలింది గోటికి అంటినంత. మందు తక్కువైతే మిషన్‌కి ఎక్కువసేపు పడుతుందట. గొట్టం దించి మొదలుపెట్టారు. రోజుల తరబడి నడవాలి, మధ్యలో కదపకూడదు. సరిగ్గా ఆ రోజుల్లోనే పడింది సన్మానం.

పాత స్టూడెంట్లంతా కలిసి బందరులో హాలు తీసుకున్నారు. వాళ్ళల్లో పెద్ద తలకాయ, బంటుమిల్లి వైపు రొయ్యల చెరువులు చేసే ఆయన. మేడమ్ దగ్గర పరీక్ష తప్పిన మనిషే. ఆ సంగతి వచ్చిన ప్రతివాడికీ తనే చెప్పుకునేవాడు. మేడమ్ అంటే ఆయనకి అమ్మోరితో సమానం. ఆవిడేమో, మిషన్ నడుస్తోంది, సాయంత్రం మీటింగుకి మటుకే వస్తాను, ఊరేగింపులూ ఫోటోలూ వద్దన్నారు. "మీరు రాకపోతే కిరీటమే మీ దగ్గరికొస్తది మేడమ్" అన్నాడాయన. పొద్దున్నే జనాన్ని వేసుకుని, పూలదండలతో, కెమెరావాడితో ల్యాబుకే వచ్చేశాడు.

కిరీటం చూసి నా నోరు తెరుచుకుపోయింది. అంత ఎత్తు! ధగధగలాడే గిల్టు, ఎర్రరాళ్ళు, వెనక ఎర్ర మఖమలు, కట్టుకోవడానికి జరీ కుచ్చులున్న పట్టుదారం. బందరు గిల్టు నగ అంటే లోపల రాగి అని మా దగ్గర పసిపిల్లకైనా తెలుసు. రాగిని అయస్కాంతం ముట్టుకోదు. మా ల్యాబుకి వచ్చే ఆడపిల్లల గిల్టు గాజులు ఏనాడూ తీయించలేదు. అయినా అలవాటుకొద్దీ బిళ్ళ పైకెత్తాను.

"ఏంటక్కాయ్, దొంగ సొత్తా, సోదా చేస్తన్నావ్?" అన్నాడు రొయ్యల ఆయన. అందరూ ఘొల్లున నవ్వారు.

"రాగేనా?" అని అడిగారు మేడమ్ గారు.

"రాగే మేడమ్. మన బందరు సరుకు. నా చెయ్యి కోసిచ్చేస్తా."

మేడమ్ గారు నా వంక చూసి "పోనీలేమ్మా" అన్నారు. పాపం ఆవిడ మనసంతా తెర మీదే ఉంది. వీళ్ళని తొందరగా పంపించెయ్యాలని ఆవిడ ఆరాటం. ఫోన్లూ తాళాలూ మటుకు అందరూ బుద్ధిగా పళ్ళెంలో పెట్టారు. కెమెరావాడు గీత బయటే ఉన్నాడు. ఒకాయన మేడమ్ తల మీద కిరీటం పెట్టి, మెడ వెనక దారం రెండు ముళ్ళేశాడు. అందరూ చప్పట్లు.

"మిషన్ పక్కన నిలబడండి మేడమ్, ఒక్కటే ఫోటో."

ఆవిడ వెళ్ళారు. ఇంకాస్త పక్కకన్నాడు కెమెరావాడు. ఇంకో అడుగేశారు. ఆ అడుగులో ఆవిడ మొహం మారడం నేను చూశాను. ఎవరో వెనక నుంచి జుట్టు పట్టుకున్నట్టు కళ్ళు పెద్దవయ్యాయి. "అయ్యో" అనేంతలో ఠంగుమంది.

కిరీటం డబ్బాకి అతుక్కుంది. కిరీటంతోపాటు మేడమ్ తల అతుక్కుంది. దారం ముళ్ళు బిగుసుకుని ఆవిడ మెడ పక్కకి ఒరిగిపోయి, చెవి దగ్గర్నుంచి రక్తం కారుతోంది.

రాగి కదా? బందరు సరుకు కదా? తరవాత తెలిసింది. ఎవరికీ పెట్టనంత ఎత్తు కిరీటం కావాలని ఈయన పట్టుబడితే, రాగిరేకు అంత ఎత్తున నిలబడక, వంగిపోకుండా మఖమలు లోపల ఇనప ఊచలేశాడట చేసినవాడు. అదేమీ మోసం కాదు, అడిగినంత ఎత్తూ చేసిచ్చాడు.

ఆపరేటరు పరిగెత్తుకెళ్ళి పక్కగదిలోంచి కత్తెర పట్టుకొచ్చాడు. గీత దగ్గరికొచ్చేసరికి ఆ నొప్పిలోనూ మేడమ్ గారు అరిచారు. "కత్తెర తేవద్దు! నన్ను పొడుస్తుంది అది!" వాడు కత్తెర బయటికి విసిరేసి అక్కడే కూలబడ్డాడు. ముళ్ళు విప్పుదామని గోళ్ళతో చూశాను. అవి రాయిలా బిగిశాయి.

"దారం తెంపు. ఎలాగైనా తెంపు" అన్నారావిడ సన్నగా.

మా ఇంట్లో వల అల్లేటప్పుడు కత్తి కోసం ఎవరు లేస్తారు? నోటితో కొరికేస్తాం. నేను ఆవిడ మెడ మీదికి వంగి, దారం పంటి కింద పెట్టాను. మల్లెపూలూ కొబ్బరినూనే రక్తమూ అన్నీ కలిసి నోట్లోకొచ్చాయి. జరీ తెగి చావదు. నా పన్ను ఊగింది. ఆవిడ ఊపిరి నా చెంపకి తగులుతోంది. తెగింది. ఆవిడ నా మీద పడ్డారు, నేను నేల మీద పడ్డాను. కంగారులో కెమెరావాడి వేలు నొక్కుకుపోయి ఫోటో పడింది. అందులో నేను మేడమ్ గారి మెడ కొరుక్కు తింటున్నట్టుంటుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకున్న ఫోటో అదొక్కటే.

పడ్డ చోటినుంచే ఆవిడ చెయ్యెత్తి చెప్పారు. "ఎవరూ దాన్ని ముట్టుకోకండి. అలాగే ఉండనివ్వండి. ఇంజనీరుని పిలిపించి మెల్లగా తీయిద్దాం."

అందరూ విన్నారు. రొయ్యల ఆయన మటుకు విన్నాడో లేదో దేవుడికెరుక. ఆయన మొహం సున్నం కొట్టినట్టుంది. అమ్మోరిలాంటి మనిషికి తన చేత్తో చేసిన పని కళ్ళ ముందే వేలాడుతోంది. "నేను తీసేస్తా మేడమ్, నేను తీసేస్తా" అని ఏడుస్తూ ఒక్క అంగలో వెళ్ళి, రెండు చేతులా పట్టుకుని బలమంతా పెట్టి లాగాడు. కిరీటం జానెడు ఊడొచ్చింది. ఆయన చేతుల్లోంచి జారి మళ్ళీ వెళ్ళి డబ్బాని గుద్దింది.

ఒక క్షణం ఏమీ లేదు. తరవాత డబ్బా కడుపులోంచి చిన్న టిక్కుమన్న చప్పుడు. తరవాత బుస.

"బయటికి! అందరూ బయటికి!" అన్నారు మేడమ్ గారు.

ఆ బుస పెరిగి పెరిగి గర్జనయింది. నా చిన్నప్పుడు ఉప్పెన గాలి విన్నాను నేను. అలాంటిది నాలుగ్గోడల మధ్య వినడం అదే మొదలు. డబ్బా పొట్టలో పోసిన ద్రవాలన్నీ ఒక్కసారిగా మరిగి, పైకప్పు నుంచి నేల దాకా తెల్లటి పొగ. చలి ఎముకల్లోకి దిగింది. ఆ పొగలో గాలుండదు, పీలిస్తే మనిషి పడిపోతాడు. నేనూ గుడివాడ అమ్మాయీ మేడమ్‌ని చెరో రెక్కా పట్టుకుని లాక్కొచ్చాం. అప్పుడు వెనక ఇంకో చప్పుడు వినిపించింది. తలంగ్‌మని రేకు నేల మీద పడ్డ చప్పుడు. కిరీటాన్ని ఇక అయస్కాంతం లాగడంలేదు. దానంతటదే రాలిపోయింది.

మేడమ్ గారు మెట్ల మీద కూర్చుని ఆ చప్పుడు విన్నారు. "పోయింది" అన్నారు. అంతే.

రొయ్యల ఆయన మట్టిలో కూర్చుని తల బాదుకున్నాడు. "కొత్తది కొనిస్తా మేడమ్, చెరువులమ్మి కొనిస్తా." ఆవిడ ఆయన భుజం తట్టారు. చెవి దగ్గర నా కొంగు అదిమి పట్టుకునే తట్టారు.

పొగ పోయేదాకా ఎవర్నీ లోపలికి పోనివ్వలేదు. డాక్టరొచ్చి కుట్లేశాడు. మీటింగు ఆపేద్దామన్నారు పెద్దలు. "ఆపొద్దు. వస్తాను. ముందు కంప్యూటరు చూడాలి" అన్నారావిడ.

కంప్యూటరు పక్కగదిలో, అద్దం వెనక ఉంది. దానికేమీ కాలేదు. కిరీటం తగలకముందు దాకా వచ్చినదంతా అందులో ఉందట. సగం దాకే వచ్చింది, కానీ ఆ సగం శుభ్రంగానే ఉందంది గుడివాడ అమ్మాయి. చెడింది కత్తిరించి, మిగిలినది తెర మీద పరిచింది. నల్లటి తెర, పచ్చటి చుక్కలు. మేడమ్ గారు వేలితో గీత గీసుకుంటూ ఒకచోటికి వచ్చి ఆగారు.

అక్కడ మసగ్గా, ఆవగింజలో సగమంత ఏదో ఉంది.

నేను ముందుకెళ్ళి "దుమ్మేమోనమ్మా" అని కొంగుతో తెర తుడిచాను. ఆవిడ రక్తం అంటిన కొంగే అది. గట్టిగా తుడిచాను. తీసి చూస్తే అలాగే ఉంది.

మేడమ్ గారికి నవ్వొచ్చింది. ఆ రోజంతటికీ అదొక్కటే నవ్వు.

గుడివాడ అమ్మాయి తెర దగ్గరికి జరిగింది. "మేడమ్, ఇది సగం రన్ను. ఇంత మసకగా ఉంటే చుక్కని ఎవరూ అనలేరు. పిచ్చిగీత అనుకోవచ్చు. ఇంక మిషన్ కూడా లేదు కదా, మళ్ళీ చూడ్డానికి..." అని ఆగిపోయింది. పాపం దాని థీసిస్ అంతా ఆ చుక్క కిందే ఉంది.

"అనుకోవచ్చు" అన్నారు మేడమ్. చాలాసేపు చూశారు. "పొద్దున కిరీటం రాగి అనుకున్నట్టేగా?"

పిల్ల తల దించుకుంది.

"ఇది చుక్కేనమ్మా. ఆ రెండు కొసలూ ఒకే వైపున ఉన్నాయి. నేను తిరగేసి గీశాను. నీ పని వేరే ఊళ్ళో మిషన్ మీద మళ్ళీ చేయిద్దాం. నేనే వెంటొస్తా."

నా మటుకు నాకు నేల కుంగినట్టయింది. మిషన్ పోయినప్పుడు కూడా నేనంత అదిరిపోలేదు. మా ఆయన కళ్ళు కాల్చినదాని ఆకారం ఈవిడకి తెలుసు, ప్రపంచంలో ఈ ఒక్కమనిషికి తెలుసు అనుకుని బతికాను నేను. అది తప్పట! ఆవిడే అంటున్నారు, చెవికి కట్టు కట్టుకుని, మంచినీళ్ళు తాగినంత మామూలుగా.

సాయంత్రం హాలు కిటకిటలాడిపోయింది. పొద్దున జరిగింది ఊరంతా పాకింది మరి. మేడమ్ గారు కట్టుతోనే స్టేజీ ఎక్కారు. శాలువా కప్పించుకున్నారు. మైకు తీసుకుని, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పారు. "మీరు ఏ పని చూసి నాకీ సన్మానం చేస్తున్నారో, ఆ పనిలో తప్పుంది. నా బొమ్మ తప్పు. అది తప్పని చెప్పిన వాళ్ళని నేను తిట్టాను కూడా. వాళ్ళది ఒప్పు. ఈ మధ్యాహ్నమే చూశాను."

జనం ఏమంటారో!

చప్పట్లు కొట్టారు.

హోరెత్తిపోయింది. నా పక్కనున్న ఆవిడ కళ్ళొత్తుకుంటూ "ఎంత నిగర్వో చూశారాండీ" అంది. "చప్పట్లు కాదు, వినండి, తప్పంటున్నాను" అన్నారు మేడమ్ గారు. ఇంకా గట్టిగా కొట్టారు. రొయ్యల ఆయన లేచి నిలబడి మరీ కొట్టాడు. ఆవిడ మైకు పట్టుకుని అలా నిలబడిపోయారు. పొద్దున తల అతుక్కున్నప్పుడు లేని భయం అప్పుడా కళ్ళల్లో చూశాను నేను. అంత జనంలో చప్పట్లు కొట్టనిది ఇద్దరం. నేనూ, గుడివాడ అమ్మాయీ.

ఆ తప్పు సంగతి ఆవిడ పైదేశం వాళ్ళకి కూడా రాసి అచ్చు వేయించారు. పిల్ల థీసిస్ ఆలస్యమైనా పూర్తయింది. మిషన్ మటుకు లేవలేదు. ఇంజనీర్లొచ్చి చూసి, లోపల తీగ కాలిపోయింది, పాతది, ఇక ఇంతేనన్నారు. రొయ్యల ఆయన చెరువులన్నీ అమ్మినా కాలిన తీగ అతకదట.

మేడమ్ రిటైరయ్యారు. తరవాత నా వంతొచ్చింది. నా ఆఖరిరోజుకి పసుపు గీత కూడా చెరిగిపోయింది. ఆడపిల్లలు పిన్నీసుల గుత్తులతో టకటకా లోపలికెళ్ళి వచ్చేస్తున్నారు. "అమ్మా" అని నోటిదాకా వచ్చి మింగేసుకున్నాను. చెక్క పళ్ళెంలో ఎవరో మర్చిపోయిన పిన్నీసు ఒకటుంది. ఎప్పటిదో, కొంచెం తుప్పు పట్టింది. దాన్ని తీసి భుజం మీద కొంగుకి పెట్టుకున్నాను. ఆ ల్యాబులో చేరాక నేను పిన్నీసు పెట్టుకోవడం అదే మొదలు.

లోపలికెళ్ళాను. డబ్బా అలాగే నిలబడి ఉంది. దాని పక్కకి నొక్కు పడిన చోటికి, మేడమ్ తల అతుక్కున్న చోటికి, భుజం ఆనించి నిలబడ్డాను. లాగుతుందేమోనని చూశాను. కాసేపు ఆగి మళ్ళీ చూశాను.

పిన్నీసు కొంగుని పట్టుకుని ఊరికే ఉంది. అప్పుడేడ్చాను.